నట్టు జర దించుమన్నరు

ఆ రోజుల్ల నాకు తెల్వదు అనే మాట నోటికి వచ్చేది కాదు. ఇప్పుడు సమజైతాంది, ఆ మాట నోట్లకెళ్లి రావాలంటే మనిషికి జర వయసు గావాలె, రెండు మూడు జాగల మంచిగ దెబ్బ తిని ఉండాలె. ఇరవై రెండేండ్ల వయసుల నాకు అన్నీ తెల్సు. చదువు తొమ్మిదో తరగతి కాడ ఆగింది (నేను ఆగలే, లెక్కల పరీక్ష ఆపింది), కని హన్మకొండల మా బాపు కుట్టుమిషన్ల రిపేరు దుకాణంల కూసున్న సంది, లోకంల మనిషి బిగించిన వస్తువు ఏదైనా సరే, మనిషి ఇప్పొచ్చు, మళ్ల బిగించొచ్చు అని గట్టి నమ్మకం కుదిరింది. ఇప్పుటానికి నా చెయ్యి మంచిదే. బిగించినంక ఒకటి రెండు స్క్రూలు మిగిలేటియి, వాటిని ఒక డబ్బల ఏసి పెట్టేటోన్ని. "ఆ డబ్బ నిండితే ఇంకో మిషన్ తయారైతది రా" అని బాపు అనేటోడు. అది మెచ్చుకోలు కాదని నాకు చానా ఏండ్లకు తెలిసింది.

గసోంటి నా చేతుల ఒక బేస్ గిటార్ పడ్డది. తెల్వనోళ్ల కోసం చెప్తాన్న, మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటే దీనికి నాలుగే ఉంటయి, కని ఒక్కొక్కటి బాయికాడి మోటరు తీగంత లావు. పాటల అది ఉన్నదని ఎవ్వరికీ తెల్వదు, లేకపోతే మాత్రం పాట కాళ్లు లేనట్టు కూలబడ్తది. మా అమ్మ దాన్ని మొదటిసారి చూసి, "మిగిలిన రెండు తీగలు అప్పుడే తెంపినవా బిడ్డా?" అన్నది. బాపు కండ్లద్దాలు పైకెత్తి చూసి, "మిషన్‌కు ఒక్కటే దారం, రోజుకు పది జాకెట్లు కుడుతది. దీనికి నాలుగున్నయి, ఇదేం కుడుతది రా?" అని అడిగిండు. వాయించి చూపెట్టిన. గోడకున్న క్యాలెండర్ వణికింది. "ఆఁ, దుకాణం ముంగట లారీ ఆగినట్టున్నది, మంచిగున్నది" అన్నడు.

గిటార్ నాది కాదు, బావది. బావ అంటే మా అక్క పెనిమిటి, కాజీపేటల ఒక బడిల లెక్కల సారు. కాలేజీల చదివేటప్పుడు వాయించేటోడట. పెండ్లయిన ఆర్నెల్లకే దాన్ని దుప్పట్ల చుట్టి సజ్జ మీద పెట్టిండు. ఎందుకు పెట్టిండో ఎవ్వరూ అడగలే. బావను అడుగుడంటే మాటలా? ఆయన మాట్లాడుడు తక్కువ, చూసుడు ఎక్కువ. అద్దాల పైకెళ్లి నా దిక్కు ఒక్కసారి చూసిండంటే నాకు తొమ్మిదో తరగతి మళ్ల మొదలైనట్టుండేది. ఏడేండ్లు అయినంక, నేను ఆర్కెస్ట్రా పోరగాండ్లతోని తిరుగుతాన్నని తెలిసి, అక్కనే ఆయనను అడిగింది. బావ సజ్జ దిక్కు చూసి, "ఇయ్యి. కని ఇప్పొద్దని చెప్పు" అన్నడట. "నా తమ్ముడు దాన్ని ఖరాబ్ చేస్తే నన్నడుగు" అని అక్క పూచీ పడ్డది. నాకు ఇచ్చేటప్పుడు నా చెవి పట్టుకొని మళ్ల చెప్పింది: "తమ్మీ, ఆయన ముంగట ఏడేండ్ల సంది నా మాట ఒక్కటి కూడ కింద పడలే. నీ పుణ్యాన పడ్డదనుకో, నీకు రాఖీ కాదు, తాడు కడ్త." (అక్క నవ్వుకుంటనే అన్నది. కని చెవి ఇడ్సలే.)

మా ఆర్కెస్ట్రాకు పెద్ద కీబోర్డన్న. అసలు పేరు పిలుస్తే ఆయనే పలికేటోడు కాదు. నన్ను మిషన్ అని పిలిచేటోడు. రెండు మూడు రిసెప్షన్లల వాయించినంక ఒకనాడు నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యేసి, మెల్లగ, నలుగుట్ల పరువు తీయొద్దన్నట్టు, "మిషన్, నీది యాక్షన్ ఎక్కువున్నది. జర తగ్గించుకో" అన్నడు.

నాకు పానం సచ్చిపోయింది. ఎందుకంటే మా దిక్కు యాక్షన్ చేసుడంటే ఏంది? పోజు కొట్టుడు. లేని గొప్ప చూపెట్టుడు. స్టేజీ మీద నేను జర ఊగేటోన్ని, నిజమే. ఒక కాలు ముందటికి పెట్టి, తలకాయ ఎనుకకు ఏసి, కండ్లు మూసుకునేటోన్ని. అది గొప్పకు కాదు, తీగలు గట్టిగ ఉండి వేళ్ల కొసలు మండుతాంటే అట్ల అయ్యేది. కని పెద్దోడు అన్నడంటే ఊకె అనడు గదా అని, పాలకుర్తిల ఒక రిసెప్షన్ ఉంటే ఆడ మొత్తం తగ్గించిన. రెండు కాళ్లు జోడించి, గడ్డం కిందికేసి, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి, మూడు గంటలు కదలలే. ఊళ్లె పెద్దమనిషి ఒకాయన స్టేజీ కిందికెళ్లి నన్ను చానాసేపు చూసి, "ఆ పిలగానికి పానం మంచిగ లేనట్టున్నది, జర నీళ్లియ్యుండ్రి" అని నీళ్లు కూడ పంపిచ్చిండు.

పోగ్రాం అయిపోయినంక కీబోర్డన్న మళ్ల వచ్చిండు. "ఏందిరా మిషన్, యాక్షన్ తగ్గించుమంటే తగ్గించవేంది?"

నాకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చినయి. "ఇంకెంత తగ్గియ్యాలె అన్నా? ఊపిరి ఒక్కటే ఆపలే నేను. అది గూడ ఆపుమంటే ఆపుత."

కీబోర్డన్న కూలబడి, కీబోర్డు పెట్టె మీద తలకాయ పెట్టి, నవ్వుతనే ఉన్నడు. సమజైనంక మా ఆర్కెస్ట్రాల పాటలు పాడే ఆమె కూడ మొదలుపెట్టింది. ఆఖరికి ఆయన కండ్లు తుడుసుకొని చెప్పిండు, యాక్షన్ అంటే నీ యాక్షన్ కాదు రా అయ్యా, గిటార్‌ది. తీగకు, దాని కింద మెడ కట్టె మీద ఉన్న మెట్లకు నడుమ ఉండే ఎత్తును గిటారోళ్లు యాక్షన్ అంటరు. నీ దాని మీద తీగలు బట్టలారేసే దండెం లెక్క ఇంతెత్తున ఉన్నయి, అందుకే నీ వేళ్లు పుండ్లయితానయి, దించుకో అన్నడు. ఇంటికొచ్చేదాక వ్యానుల అందరు నన్ను "యాక్షన్ హీరో" అనుకుంటనే వచ్చిన్రు. నేను మాత్రం లోపల్లోపల సంబురపడ్డ. పోజు కొడ్తలేనని తేలింది గదా, అది చాలు.

శనివారం పగటీలి బాపు అన్నానికి పోయిండు. నేను దుకాణంల బల్ల మీద ఒక పాత చీర పరిచి గిటార్‌ను పండవెట్టిన. బావ ఇప్పొద్దన్నడు, నేను ఇప్పుతలేను, దించుతాన్న అంతే (ఆ వయసుల నా మనసు మంచి వకీలు). కింద తీగలు కట్టి ఉండే బ్రిడ్జి కాడ ఒక్కొక్క తీగకు రెండు చిన్న స్క్రూలున్నయి, వాటితోని దించొచ్చు. దించిన. దించుతాంటే దించుతాంటే స్క్రూలు అడుగుకు తాకినయి, తీగలు మాత్రం ఇంకా ఎత్తుగనే ఉన్నయి. ఇది ఏందని కీబోర్డన్నకు ఫోన్ కొట్టిన.

ఆయన ఏదో బజార్ల ఉన్నడు, ఎనుక ఆటోల మోత. "కింద మొత్తం దించినవా?"

"దించిన అన్నా. ఇగ జాగ లేదు."

"అట్లయితే నట్టు ఎత్తున్నట్టున్నది రా. నట్టు జర దించు. మెల్లగ. జరంత దించుడు, చూసుడు."

"నట్టు నాకు చెప్తవా అన్నా" అని నవ్వి పెట్టేసిన. మూడు తరాల సంది నట్లతోనే బతుకుతాన్నం మేము.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలె. గిటారోళ్ల భాషల నట్టు అంటే ఇనుప నట్టు కాదు. పైన తలకాయ కాడ, తీగలు దాటేటి జాగల, నాలుగు గాట్లున్న తెల్ల ముక్క ఒకటి ఉంటది, దువ్వెన పండ్ల లెక్క. దాన్ని వాళ్లు నట్టు అంటరు. ఆ గాట్లను సన్న ఆకురాయితోని రాకి లోతు చేస్తే తీగలు కిందికొస్తయి. కీబోర్డన్న చెప్పింది అది. అది నాకేం ఎరుక? దువ్వెనను నట్టు అంటరని ఏ మిషనోడన్న కలగంటడా? నేను నట్టు కోసం ఎతికిన. దొరికింది కూడ. అక్కడ్నే, ఆ తెల్ల ముక్క పక్కన్నే ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే తీసిన. లోపల గుంతల, ముద్దుగ, ఆరు మూలల నట్టు! మెడ లోపలికెళ్లి ఒక ఇనుప కడ్డీ పోతది, తీగల గుంజుడుకు మెడ వంగకుండ అది ఆపుతది, ఆ కడ్డీ బిగించే నట్టు అది. పావు చుట్టు తిప్పాలన్నా తెలిసినోడు పదిసార్లు ఆలోచిస్తడు. మా దుకాణంల నట్టు దించుడంటే బిగించుడు. నేను గొట్టం పానా పెట్టి బిగించిన.

మొదటి అర చుట్టుకు తీగలు దిగినయి. అబ్బ, ఎంత సంబురమో! ఇంకో అర తిప్పిన, ఇంకా దిగినయి. నా తెలివికి నేనే మురుసుకుంట రెండున్నర చుట్లు తిప్పిన. ఆఖరు అరకు చెయ్యి బరువైంది. అయినా మిషనోని చెయ్యి గదా, జర ఊపిరి పట్టి గుంజిన. టక్కుమన్నది.

ఆ సప్పుడు నేను బతికున్నన్ని రోజులు మరువ. మీటి చూసిన. నాలుగు తీగలు మెట్ల మీద పండుకున్నయి. ఎక్కడ పట్టినా గుర్రుగుర్రు, పిండి గిర్ని లెక్క. మెడ ఎనుకకు విల్లు లెక్క వంగింది. మెడ ఒంటితోని కలిసేకాడ, ఎంటిక అంత సన్నగ, నల్లటి గీత ఒకటి కనవడ్డది. పగిలింది. బావ గిటార్ పగలగొట్టిన.

సరిగ్గ అప్పుడే ఫోన్ మోగింది. అక్క. "తమ్మీ, రేపు ఐతారం మేం వస్తానం. ఆయన బడిల ఫంక్షన్ ఉన్నదట, సార్లందరు వాయించుమని ఎంట పడ్డరట. గిటార్ తీస్కపోతడట. మంచిగనే ఉన్నది గదా?"

"ఉన్నది" అన్న.

"ఏందిరా గొంతు అట్లున్నది?"

"మంచిగున్నదక్కా. గిటార్ కూడ మంచిగనే ఉన్నది" అన్న. రెండు అబద్ధాలు, ఒక్క ఊపిరిల.

ఫోన్ పెట్టేసి తిప్పిన నట్టును ఎనుకకు తిప్పిన, రెండున్నర చుట్లు లెక్కవెట్టి మరీ. తీగలు లేవలే. మెడ వంగినకాడనే ఉన్నది. కట్టె కదా, ఇనుము లెక్క చెప్పంగనే ఇనదు, తన టైం తను తీసుకుంటదని ఇప్పుడు తెల్సు. అప్పుడు నాకు అది సచ్చిపోయిందనే అనిపిచ్చింది. ఎంత పగిలిందో చూసి, లోపల జిగురు పెడ్దామని ఎనుక నాలుగు పెద్ద స్క్రూలు తీసి మెడను ఒంటికెళ్లి ఊడదీసిన. ఇప్పొద్దని బావ అన్న మాట స్క్రూ స్క్రూకు ఇనవడ్డది.

లోపల చూస్తే కట్టె నున్నగ, గట్టిగ ఉన్నది. పగులు లేదు. పైన కనవడ్డది పాలిష్ గీత, అంతే, అది కూడ పాతదే, దుమ్ము పట్టి నల్లగైంది. టక్కుమన్నది ఏడేండ్ల సంది కదలని నట్టు పట్టు ఇడ్సిన సప్పుడు. నాకు సగం పానం లేచొచ్చింది. ఇగ మెడ కూసునే గుంతల చూసిన. తలకాయ దిక్కు అంచు కింద, మూడు మడతలు పెట్టిన అట్టముక్క ఒకటి ఇరికిచ్చి ఉన్నది.

మడతలు ఇప్పిన. ఎర్ర రంగు, బంగారు అంచు, ఒక మూలకు పసుపు మరక. "విందు: మధ్యాహ్నం 12 గం.లకు" అని ఉన్నది. దాని కింద మా బాపు పేరు, మా దుకాణం పేరు.

అది మా అక్క పెండ్లి కార్డు. కింది సగం.

దీని ఎనుక ఒక కథ ఉన్నది. అక్క గుర్తుకని తన పెండ్లి కార్డు ఒకటి బీరువాల చీరల కింద దాచుకున్నది. పెండ్లయిన ఆర్నెల్లకు తీసి చూస్తే కింది సగం లేదు. ఎలుకనే కొరికిందని తీర్మానం అయింది. "ఎలుకకు కూడ తెలివున్నది, విందు అని రాసిన దిక్కే తిన్నది" అని అక్క ఎవరొచ్చినా చెప్పేది. ఆ సంది బీరువా కింద ఎలుకల బోను పెట్టింది. ఏడేండ్లు. అండ్ల ఒక్క ఎలుక పడలే. రోజూ బోనుల ఉల్లిగడ్డ బజ్జీ ముక్క మార్చేది ఎవరనుకున్నరు? బావ.

నాకు లెక్క తేలింది (జీవితంల మొదటిసారి, ఒక లెక్క). ఈ మెడ కింద అట్టముక్క పెట్టుడు గిటారోళ్లు చేసే పనే. బ్రిడ్జి దిక్కు పెడితే మెడ ఎనుకకు ఒరిగి తీగలు దిగుతయి. బావకు కూడ తీగలు ఎత్తు అనిపించి, చేతికి దొరికిన గట్టి అట్ట కత్తిరించి పెట్టిండు. కని తలకాయ దిక్కు పెట్టిండు. అటు పెడితే మెడ ముందటికి లేచి తీగలు ఇంకా ఎత్తు అయితయి. ఎందుకు దిగుతలేవో సమజుగాక, ఎవర్నన్న అడిగితే సారు పరువు పోతదని, దుప్పట్ల చుట్టి సజ్జ మీద ఏసిండు. లెక్కల సారు! కోణం తిరగేసిండు!

అట్టముక్క తీసి జేబుల పెట్టుకొని, మెడ మళ్ల బిగిచ్చి, నాలుగు స్క్రూలకు నాలుగూ పెట్టిన (ఆనాడు డబ్బలకు ఒక్కటి పోలే). తీగలు ఇంకా గుర్రుమంటనే ఉన్నయి. ఇంటికి తీస్కపోయి గోడకు ఆనిచ్చి, దాని దిక్కు చూడకుండ పండుకున్న. తెల్లారి చాయ్ కూడ తాగకుండ పోయి చూస్తే మెడ తనంతట తనే సక్కగైంది. కట్టె మర్లిన మనసు లెక్క మెల్లగ తన జాగకు తను వచ్చింది. మీటిన. దండెం లేదు, గిర్ని లేదు. తీగ ఏలు కింద వెన్న లెక్క దిగింది, సప్పుడు గుండ్రంగ, నిండుగ వచ్చింది. ఒక్కన్నే గోడకు ఒరిగి కూసున్న. అమ్మ వచ్చి "ఏమైందిరా, ఏడుస్తాన్నవ్?" అన్నది. "క్యాలెండర్ మళ్ల ఊగుతాంది అమ్మా" అన్న.

పన్నెండింటికి అక్క, బావ వచ్చిన్రు. అక్క వంటింట్లకు పోయింది. బావ కుర్చీల కూసొని గిటార్ ఒళ్లె పెట్టుకున్నడు. శ్రుతి చేసిండు. ఒక్క తీగ పట్టిండు. చెయ్యి ఆపిండు. ఇంకోటి పట్టిండు. అద్దాల పైకెళ్లి నన్ను చూసిండు. వచ్చింది తొమ్మిదో తరగతి.

"ఏం చేసినవ్ దీన్ని?"

నేను దాయలేకపోయిన. "నట్టు తిప్పిన బావా."

"ఎన్ని చుట్లు?"

"రెండున్నర."

"రెండున్నరా!" బావ గొంతు అంత పైకి పోతదని నాకు అప్పటిదాక తెల్వదు.

"మళ్ల ఎనుకకు తిప్పిన బావా. అన్నే. లెక్కవెట్టి."

బావ మెడ మీద చెయ్యి రాసుకుంట కిందిదాక వచ్చిండు. నాలుగు స్క్రూల కాడ ఏలు ఆగింది. "మెడ ఇప్పినవా?"

"ఇప్పిన."

బావ ముఖంల రంగు మారింది. వంటింటి దిక్కు ఒకసారి చూసిండు. అద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకొని, నేను ఎప్పుడూ ఇనని సన్న గొంతుతోని అడిగిండు: "లోపల... ఏమన్న... దొరికిందా?"

అప్పుడు చూసిన నేను. భయపడ్తాంది నేనొక్కన్నే కాదు. నా కన్నా ఎక్కువ భయపడ్తాండు ఆయన. ఏడేండ్ల సంది.

"ఏం దొరికింది?" అనుకుంట అక్క సల్ల గిలాసలు పట్టుకొని వచ్చింది.

బావ నా దిక్కు చూసిండు. జేబుల అట్టముక్క నా గుండెకు తాకుతాంది. "దుమ్ము అక్కా" అన్న. "మస్తు దుమ్ముండె లోపల. తుడిసిన."

అక్కకు అనుమానం తీరలే. గిలాసలు పెట్టి నడుముకు చేతులు పెట్టింది. "నిజం చెప్పుండ్రి. ఖరాబ్ చేసిండా? నేను పూచీ పడ్డ. ఏదున్నా నా ముంగట అనుండ్రి."

బావ ఒక్క ముక్క వాయించిండు. గోడకు క్యాలెండర్, బల్ల మీద సల్ల గిలాసలు, అన్నీ కొంచెం వణికినయి. "ఖరాబ్ చేయలే" అన్నడు. "మంచిగ చేసిండు. నాకు చేతగానిది చేసిండు."

అక్క ముఖం ఎట్ల ఎలిగిందో చెప్పలేను. "నా తమ్ముడు గదా" అన్నది, మా ఇద్దరికీ పప్పుల నెయ్యి ఒక్కతీరుగ ఏసింది. చెయ్యి కడుక్కునేకాడ బావ పక్కకు నిలబడి చెయ్యి చాపిండు. అట్టముక్క తీసి ఆయన చేతుల పెట్టిన. జేబుల పెట్టుకొని, పెద్దగ ఊపిరి ఇడిసి, "బామ్మర్దీ" అన్నడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను అట్ల పిలువలే. ఫంక్షన్ అయిన తెల్లారే గిటార్ మళ్ల నా దగ్గరికే వచ్చింది. ఈసారి దుప్పటి లేదు, కొత్త కవరు.

ఇప్పుడు నా నెత్తి మీద సగం ఎంటికలు తెల్లగైనయి. కుట్టుమిషన్లు తక్కువైనయి, కాజీపేట నుంచి వరంగల్ దాక ఎవరి బేస్ గిటార్ గుర్రుమన్నా నా బల్ల మీదికే వస్తది. నట్టు ముట్టుకునే ముందు మెడను పది దిక్కుల చూస్త, పావు చుట్టు తిప్పి తెల్లారేదాక ఆగుత. పిలగాండ్లు "కాకా, ఇంత భయమేంది?" అని నవ్వుతరు. రెండున్నర చుట్లు ఊపిరి పట్టి తిప్పిన ఆ మొండోడు గుర్తుకొస్తే నాకు నవ్వొస్తది, నవ్వు ఎనుక జర బెంగ కూడ. వాని తెలివి నాకు వద్దు గని, వాని చేతులల్ల ఉన్న ధైర్యం ఒక్క పూట ఎవరన్న బదులిస్తే బాగుండు.

ఇది రాసే ముందు బావకు ఫోన్ చేసి అడిగిన, రాయొచ్చునా అని. రిటైరై ఇంట్ల ఉంటాండు. "రాయి రాయి" అన్నడు నవ్వుకుంట. "ఎలుక ఎవరో మీ అక్కకు నేనే ఎప్పుడో చెప్పిన, తిట్లు కూడ తిన్న. ఫికర్ లేదు." ఫోన్ పెట్టబోతాంటే మళ్ల పిలిచిండు, గొంతు తగ్గించి: "కని బామ్మర్దీ, ఆ అట్టముక్క ఎటు దిక్కు పెట్టిన్నో... అదొక్కటి రాయకు."

సరే బావా అన్న.